విధవరాండ్ర బియ్యం

ఎర్రకుంట ఏసు గుడిలో సంఘపెద్దలను ఎన్నుకోవడానికి ఓటు చీటీలు లేవు, చేతులెత్తడం లేదు. పెద్దరికం కావాలనుకున్న మగవాడు తువాలు ఒళ్ళో పరుచుకుని ముందువరుసలో కూర్చోవాలి. సంఘంలోని విధవరాండ్రు ఒకరి వెనక ఒకరు లేచి వచ్చి, తమకు నమ్మకమున్న వాళ్ళ తువాలులో పిడికెడేసి బియ్యం పోస్తారు. బియ్యం ఎక్కువ పడ్డ ఏడుగురే మూడేళ్ళపాటు పెద్దలు. ఎంత తెల్లటి ధోవతి కట్టినా సరే, ఆ ముసలమ్మల పిడికిలి విచ్చుకోకపోతే తువాలు దులుపుకుని వెనక్కి పోయి చాప మీద కూర్చోవలసిందే.

ఈ పద్ధతి ఎక్కడిదని ఎవరైనా అడిగితే చాలు, దేవదానం సారు గొంతు సవరించుకునేవాడు. ఆయన మిషన్ బడిలో పంతులు, ఏడుగురు పెద్దల్లో ఒకడు, సంఘానికి ఇరవై ఏళ్ళుగా సెక్రటరీ. యెరూషలేములోని మొదటి సంఘంలో రోజూ అన్నం పంచేటప్పుడు కొందరు విధవరాండ్రకు సరిగా ముట్టలేదనీ, గొణుగుడు మొదలైందనీ, ఏసు శిష్యులైన అపొస్తలులు అందరినీ పిలిచి మంచిపేరున్న ఏడుగురిని ఏర్పరచుకోమన్నారనీ కథలా చెప్పేవాడు. ఆ ఏడుగురిని విధవలే ఎన్నుకున్నారని బైబిల్లో లేదు. గొణిగారని మాత్రమే ఉంది. కానీ ఎర్రకుంటలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న ముసలాయన, అక్షరం ముక్క రాని మనిషి, మిషన్ దొర ఆ మాటలు చదివి వినిపిస్తే ఒకటే అడిగాడట.

"ఆకలి ఎవలిది దొరా? ఆకలైనోళ్ళకే గద ఎరుక, ఎవడు పెడ్తడో ఎవడు పెట్టడో."

అంతే. దొర సరేనన్నాడు. అప్పటినుంచీ ఇదే నడుస్తోంది. బిషప్పుగారు వచ్చినప్పుడు కూడా దేవదానం సారు ఈ సంగతి చెప్పి, ఆది సంఘం ఎక్కడైనా మిగిలుందంటే పటాన్‌చెరు దగ్గర ఈ ఎర్రకుంటలోనే మిగిలుంది అన్నాడు. చెప్పినప్పుడల్లా తానే ఒక అపొస్తలుడైనట్టు ఛాతీ కాస్త ముందుకొచ్చేది.

ఇప్పుడు ఆ ఛాతీ ఏమైందో వినండి.

విధవల వరుసలో మొదటి మనిషి ఏసమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి. గుడి ఊడ్చేది, చాపలు పరిచేది, గంట కొట్టేది ఆమే. ఆమె ఎవరి తువాలులో పోస్తే మిగతా పదిమంది వాళ్ళ తువాలులోనే పోసేవాళ్ళు. ఆమె దాటిపోతే వాళ్ళూ దాటిపోయేవాళ్ళు. పందొమ్మిది వందల డెబ్బైలో ఎన్నిక జరిగినప్పుడు ఆమె దాటిపోయింది ఎవరినో కాదు, తన చేతుల్లో పెరిగిన దావీదును.

దావీదు ఆమె మరిది కొడుకు. తల్లి చచ్చిపోతే ఏసమ్మే పెంచింది. ఊళ్ళోవాళ్ళ బర్రెలు కాసి, కూలికి పోయి, సంగారెడ్డిలో చదివించింది. చదువు ఒంటపట్టింది, ఫ్యాక్టరీలో కొలువు దొరికింది, చూస్తుండగానే ఫోర్‌మన్ అయ్యాడు, క్వార్టరు వచ్చింది. కొడుకులాంటివాడి కొత్త ఇల్లు చూద్దామని ఏసమ్మ ఒకరోజు మొక్కజొన్న కంకులు కొంగున కట్టుకుని పోయింది. గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడ ఈమె ఎవరని అడిగితే దావీదు, "మా ఊరామె, పని అడిగేతందుకొచ్చింది," అన్నాడు. ఏసమ్మ కంకులు గడప మీద పెట్టి తిరిగొచ్చేసింది. ఊళ్ళో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఎన్నికనాడు మాత్రం అతని ముందు ఆగకుండా నడిచిపోయింది. మిగతా పదిమందీ అట్లాగే నడిచిపోయారు. టెరిలిన్ చొక్కా తొడుక్కుని, ఒళ్ళో కొత్త తువాలు పరుచుకుని, సంఘమంతా చూస్తుండగా, ఒక్క గింజ పడని ఆ తువాలును దావీదు చాలాసేపు మడతపెట్టాడు.

మూడేళ్ళు ఆ ఖాళీ తువాలు అతని కడుపులో కుళ్ళింది. డెబ్బై మూడులో మళ్ళీ ఎన్నిక దగ్గరపడింది. దానికి నెల ముందు వాడలో ఎల్లమ్మ పండుగ వచ్చింది.

ఏసమ్మ తమ్ముడు చిన్నరాములు బాప్తిస్మం తీసుకోలేదు. ఏటా ఎల్లమ్మకు మేకపోతును, వాడ మాటలో యాటను, కోస్తాడు, ఇంటి ఆడబిడ్డను పిలుస్తాడు. ఏసమ్మ పోతుంది, తింటుంది. ఇందులో దాపరికం లేదు. వాడలో సగం ఇళ్ళు గుడికొస్తాయి, సగం ఇళ్ళు రావు, మేనత్తలూ మేనమామలూ అటూ ఇటూ కలిసే ఉన్నారు. కూర గిన్నె ఏ మతమూ అడక్కుండా గోడలు దాటుతుంది. ఆ రోజు ఏసమ్మ దారిన పోతుంటే దేవదానం సారు అరుగు మీంచి పిలిచి, "ఏందవ్వా, పండుగ కూర మాకు లేదా?" అని అడిగాడు కూడా. ఆమె నవ్వి, వెనక్కి పోయి, మూత పెట్టిన గిన్నె తెచ్చి ఇచ్చింది. జొన్నరొట్టెతో తిన్నాడు. ఎముకలో మూలిగ ఉంటే ఆ బొక్కను రాయి మీద కొట్టి మరీ పీల్చాడు.

వారం తిరక్కుండా దావీదు ఫిర్యాదు రాసిచ్చాడు. ఇంగ్లీషు టైపు మిషన్ మీద కొట్టించిన కాగితం. యెరూషలేములో అపొస్తలులూ పెద్దలూ సభ కూడి, విగ్రహాలకు అర్పించినవి తినకూడదని అన్ని సంఘాలకూ ఉత్తరం పంపారు కాబట్టి, ఆ నియమం తప్పిన ఏసమ్మకు ప్రభువు బల్ల ఆపాలని, అంటే గుడిలో పంచే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదని అందులో ఉంది. చదువుకున్నవాడి తెలివి చూడండి. ఆది సంఘం పేరు చెప్పి నిలబడ్డ ముసలిదాన్ని ఆది సంఘం పేరు చెప్పే పడగొట్టాడు. బల్ల ఆగినవాళ్ళు గుమ్మం దగ్గర విడి చాప మీద కూర్చోవాలి, బియ్యం పోయకూడదు, అది అతనికి తెలుసు.

అంతటితో పోతే బాగుండేది. బల్ల ఆపితే ఏడాది ఆపుతారు. ఏడాది నిండాక పెద్దల్లో ఒకరు లేచి, ఈ మనిషిని తిరిగి చేర్చుకోండని అడగాలి. ఎవరూ అడగకపోతే ఆ పేరు పుస్తకంలో అట్లాగే ఉండిపోతుంది. పేరు అట్లా ఉండగా చచ్చిపోతే సమాధుల తోటలో చోటు లేదు, ఊరవతల గుట్ట దగ్గర పూడ్చాల్సిందే. ఏసమ్మ పెనిమిటీ, పురిట్లో పోయిన బిడ్డా ఆ తోటలోనే ఉన్నారు. వాళ్ళిద్దరి పక్కన తనకని కొలుచుకున్న చోటు చుట్టూ ఆమె ఏడాదికోసారి సున్నం వేసుకునేది.

శనివారం మధ్యాహ్నం బడిలో విచారణ పెట్టారు. గుడి పాస్టరు సుందరపాల్ అయ్యగారు కుర్చీలో కూర్చున్నారు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన, ఎవరినీ నొప్పించరు. పటాన్‌చెరు సేటు రాజేశ్వర్ ఇంట్లో దీపావళి లక్ష్మీపూజలో పెట్టిన మిఠాయి డబ్బా ఆయన బంగళాకు ఏటా వస్తుంది, ఏటా ఖాళీ అవుతుంది. పక్కన పెద్దలు యాదన్న, సంగయ్య, ఇంకో నలుగురు. వీళ్ళలో మొదటి ఇద్దరూ చిన్నరాములు వాకిట్లోనే కూర్చుని యాట కూర తిని, కల్లు కూడా తాగి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఇంటికొచ్చారు. ఇక ఫిర్యాది దావీదు సంగతి సరేసరి. పోయిన దసరాకు ఫ్యాక్టరీలో లేతు మిషన్‌కు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, కొబ్బరిముక్క నమిలింది అతనే. ఎవరైనా అడిగితే అది డ్యూటీ అనేవాడు.

ఈ పవిత్రుల మధ్య దేవదానం సారు పుస్తకం తెరిచి, కలానికి సిరా పట్టించి, మూలిగ పీల్చిన నోరు మూసుకుని కూర్చున్నాడు.

"ఏసమ్మగారూ, మీరు ఎల్లమ్మ పండుగలో మాంసం తిన్నారని ఫిర్యాదు వచ్చిందండీ. నిజమేనా?" అన్నారు అయ్యగారు.

"తిన్న అయ్యగారూ. తమ్ముడు పిలిసిండు, పోయిన, తిన్న."

"అది విగ్రహానికి అర్పించిందని మీకు తెలుసు కదా."

"నాకెరుకే. యాటకే ఎరుక లేదు, పాపం, దాన్ని ఎవలికి గోసిండ్రో."

సంగయ్యకు నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మన సంఘంవాళ్ళు ఇంకెవరైనా తిన్నారా? దాచకుండా చెప్పండి. ఇది దేవుని సన్నిధి."

దేవదానం సారు కలం ఆగిపోయింది. ఏసమ్మ వరసగా చూసింది. యాదన్నను చూసింది, సంగయ్యను చూసింది. చివరికి సారు దగ్గర చూపు ఆపింది. ఆ చూపులో కోపం లేదు, ఏదో లెక్క చూసుకుంటున్నట్టుంది. సారు తెరిచిన పుస్తకంలోకి తల దించుకున్నాడు. చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది, రేపు నా బడి పిల్లల ముందు నేను గుమ్మం దగ్గర చాప మీద కూర్చోవాలి అనుకున్నాడు. ఆయన అనుకున్నది అదొక్కటే. సున్నం వేసిన ఆ చోటు ఆయనకు గుర్తే రాలేదు.

"ఇంకెవలు లేరు," అంది ఏసమ్మ. "నేనొక్కదాన్నే తిన్న."

"రాయండి సెక్రటరీ గారూ," అన్నారు అయ్యగారు.

రాశాడు. చక్కటి దస్తూరీ ఆయనది. ఏసమ్మ, విధవ, బల్ల ఆపడమైనది. కింద పెద్దలంతా సంతకాలు పెట్టారు. యాదన్నకు సంతకం రాదు, వేలిముద్ర వేసి, ఆ వేలిని గోడకు తుడిచాడు. ఏసమ్మ లేచి దండం పెట్టి వెళ్ళిపోయింది. పోతూ పోతూ అలవాటు కొద్దీ గడప దగ్గర పడున్న కాగితం ముక్క ఏరి బయట పారేసింది.

ఇంటికొస్తే భార్య మార్తమ్మ గుమ్మంలోనే అడిగింది.

"ఏమైంది?"

"బల్ల ఆపిండ్రు."

"ఎవలకు?"

"ఏసవ్వకు."

"మరి నీ పేరు?"

"నా పేరెందుకే?"

"బొక్క రాయి మీద గొట్టి పీల్సింది నేనా?" అంది మార్తమ్మ. ఆ పూట అన్నం పెట్టింది కానీ ఎదురుగా కూర్చోలేదు. సారు ముద్ద కలిపాడు. కంచంలో ఉన్నది వంకాయ కూరే, అయినా యాట వాసన వచ్చింది. లేచి పెరట్లోకి పోయి కక్కుకున్నాడు. ఛీ, ఏం బతుకు అనుకున్నాడు. అట్లా అనుకోవడం వల్ల ఏసమ్మకు ఒరిగిందేమీ లేదు, ఆయనకు కాస్త కడుపు తేలికపడింది, అంతే.

తర్వాతి మూడు వారాలూ దావీదు స్కూటరు మీద వాడలో తిరిగాడు. విధవల ఇళ్ళ ముందు ఆగి, మనవళ్ళ పేర్లు అడిగి, ఫ్యాక్టరీలో మనుషులను తీసుకుంటున్నారని చెప్పి పోయాడు. ఏ ఒక్కరికీ మాటిచ్చింది లేదు. పేర్లు మాత్రం చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఏసమ్మ గుమ్మం ముందు స్కూటరు ఆగలేదు.

సెప్టెంబరు మొదటి ఆదివారం వచ్చింది. ఎన్నికా, వెంటనే ప్రభువు బల్లా. గుడి కిటకిటలాడింది. ఏసమ్మ పొద్దున్నే గుడి ఊడ్చింది, చాపలు పరిచింది, గంట కొట్టింది. ఆ పనులకు బల్ల ఆగడం ఎవరికీ అడ్డం అనిపించలేదు. తర్వాత పోయి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన వేసిన విడి చాప మీద కూర్చుంది. ముందువరుసలో పదిమంది మగవాళ్ళు తువాళ్ళు పరుచుకున్నారు. దావీదు ఈ చివర, దేవదానం సారు ఆ చివర.

విధవలు లేచారు. మొదటి మనిషి లేక వరుస కాసేపు తడబడింది. తర్వాత సౌభాగ్యమ్మ కదిలింది. దావీదు ముందు ఆగింది, అతని మొహం చూడకుండా పిడికెడు పోసింది. వెనక వచ్చినవాళ్ళూ పోశారు. మనవళ్ళున్నారు మరి, వాళ్ళను ఏమనగలం. దావీదు తువాలు కొసలు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు, ఒక్క గింజ కింద పడకుండా.

దేవదానం సారు తల వంచుకుని తన తువాలునే చూస్తున్నాడు. తన తువాలు ఖాళీగా ఉండాలని కోరుకున్నాడు. అది తనకు తగిన శిక్ష అవుతుంది, అందరూ చూస్తారు, ఏసమ్మ కూడా చూస్తుంది, సరిపోతుంది అనుకున్నాడు. అంతలో సౌభాగ్యమ్మ పిడికిలి తన ఒళ్ళో విచ్చుకుంది. తర్వాతామెది, ఆ తర్వాతామెది. పదిమందీ పోశారు. ఎవరికీ పడనంత బియ్యం ఆయనకే పడింది. చివరన వచ్చిన లక్ష్మీనరసమ్మకు కళ్ళు సరిగా కనబడవు, చేత్తో తడుముకుని తువాలు ఎవరిదో అడిగింది.

"నేను అవ్వా, దేవదానాన్ని."

"ఆఁ, నీకే. ఏసక్క జెప్పింది, సారుకు తప్పకుంట పొయ్యమని. ఇంటింటికి తిరిగి జెప్పింది," అని గుసగుసలాడి, పిడికిలి బోర్లించి, అరచెయ్యి దులిపింది.

ఆ మాట వినగానే సారుకు ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది. తాను ఆమె పేరు రాశాడు. ఆమె తన పేరు ఇంటింటికీ మోసింది. ఒళ్ళో బియ్యం బరువుగా, వెచ్చగా, ఆ ముసలి చేతుల చెమటతో ఉంది. చూస్తే కూర్చున్నవాళ్ళందరి మొహాలూ ప్రశాంతంగా ఉన్నాయి. యాదన్నకూ బియ్యం పడింది, సంగయ్యకూ పడింది. అయ్యగారు చిరునవ్వుతో రొట్టె మీది తెల్లగుడ్డ సర్దుతున్నారు. ఇంత అసహ్యం ఇన్నేళ్ళూ నా పక్కనే కూర్చుని ఆమేన్ అన్నది కదా, అందులో పెద్ద గొంతు నాదే కదా అనుకున్నాడు. మళ్ళీ కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. ఈసారి మాటే వచ్చింది.

ఆయన లేచాడు. తువాలు జారి బియ్యమంతా చాప మీద పోయింది.

"అయ్యగారూ, ఆ యాట కూర నేను గూడ తిన్న. ఏసమ్మను అడిగి నేనే తెప్పించుకున్న. విచారణనాడు కలం పట్టుకోని ఊకున్న. ఈ పెద్దరికం నాకొద్దు."

సారు యాదన్న వైపు చూశాడు, సంగయ్య వైపు చూశాడు. ఒకరు లేస్తే రెండోవాడు లేస్తాడని ఆయన ఆశ. యాదన్న చాప అల్లిక పరీక్షగా చూస్తున్నాడు. సంగయ్య కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయాడు. దావీదు అయితే దసరా అనే పండుగ పేరే ఎరగనట్టు కూర్చున్నాడు. అయ్యగారు ఈసారి ఇంకెవరైనా తిన్నారా అని అడగలేదు.

"మీ నిజాయితీ మెచ్చుకోదగిందండీ," అన్నారు మెత్తగా. "అయినా నియమం నియమమే కదా. మీ పేరు కూడా మీరే రాసేయండి."

సారు పుస్తకం తెరిచి ఏసమ్మ పేరు కింద తన పేరు రాసుకున్నాడు. దస్తూరీ అప్పుడూ చక్కగానే ఉంది. ఆయన వదిలిన చోటులోకి అప్పటికప్పుడు దావీదు మనిషి ఒకడు ఏడోవాడుగా వచ్చాడు. సెక్రటరీ కలం దావీదు జేబులోకి పోయింది. విధవల బియ్యం పద్ధతి మీద వచ్చే నెల ఆలోచిద్దామని, కాలం మారిందని అయ్యగారు ప్రకటించారు. కాదన్నవాడు లేడు. కాదనవలసినవాడు గుమ్మం వైపు నడుస్తున్నాడు.

నడుస్తుంటే ఆయన మనసు ఎంత తేలికగా ఉందో చెప్పలేం. ఇన్ని వారాల తర్వాత ఊపిరి లోపలిదాకా పోయింది. అందరూ తనను చూస్తున్నారు. సింహాల గుంటలోకి పోతున్న పాతకాలపు విశ్వాసిలా తల పైకెత్తుకున్నాడు. పాపం, మనిషికి పశ్చాత్తాపంలో కూడా ముందువరుస కావాలి. ఏసమ్మ లేచి చేతులు పట్టుకుంటుందనీ, నా కొడకా అంటుందనీ అనుకున్నాడు.

ఆమె లేవలేదు. చాప సగం ఖాళీగా ఉంది, జరగలేదు.

"ఇటెందుకొచ్చినవ్ సారూ?"

"నేను గూడ తిన్న గద అవ్వా. జెప్పేసిన."

"ఇన్న." ఆమె గొంతు తగ్గించింది, లోపల ప్రార్థన మొదలైంది కాబట్టి. "ఆనాడు నా ముంగట కూసోని రాస్తివి సూడు, ఆనాడు జెప్పాల్సింది. సెక్రటరీ పేరు రాయాలంటే వాళ్ళ చెయ్యి వణుకుతుండె, నా పేరు గూడ ఇడిసిపెడ్తుండ్రి. నువ్వు జెప్పలే. సరే, పరువు పోతదని బుగులు పడ్డడు, పడనీ అనుకున్న. అందుకే నీ పేరు నేనెత్తలే."

"అవ్వా..."

"ఇను. పెద్దల్ల ఒక్కడన్న నాకు బాకీ పడ్డోడు ఉండాలె అనుకున్న. ఏడాది నిండినంక లేసి నా పేరు అడుగుతడు, నన్ను నా మనిషి పక్కన పెట్టిపిస్తడు అనుకున్న. ఈ కాళ్ళతోని పదిళ్ళు తిరిగిన నీ కోసం. మనవళ్ళను సూసుకోని వానికి పోసుకుంటే పోసుకోండ్రి, సారుకు మాత్రం పొయ్యండ్రి అని కాళ్ళు మొక్కిన ఒక్కొక్కదాని. పోసిండ్రు. నువ్వేమో కింద పారవోస్తివి."

లోపల అయ్యగారు రొట్టె ఎత్తి విరిచారు. కొత్త పెద్ద దావీదు పళ్ళెం పట్టుకుని, చేతులు కడుక్కున్న శుభ్రంతో, విధవల వరుస ముందు వంగి వంగి నడుస్తున్నాడు.

"నువ్వు కడుక్కున్నవ్ సారూ, నీకు మంచిగైంది," అంది ఏసమ్మ, చాప అంచు తన వైపు లాక్కుంటూ. "ఏడాదికి లేసి నా పేరు ఇప్పుడు ఎవలడగాలె?"

దేవదానం సారు చెప్పుల మధ్య నిలబడి లోపలికి చూశాడు. ఏడుగురు పెద్దలు పళ్ళేలూ గిన్నెలూ పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు, ఏడోవాడి దాకా చూశాడు. ఏసమ్మకు చెప్పడానికి ఒక్క పేరు దొరకలేదు.